అడుగుకర్ర వెనక ముక్క

తానా బేరు,
12 మే 1991

నా తల్లి మరావియాకి,

అమ్మ సలాములు. నేను బతికే ఉన్నాను. నువ్వూ అల్లుడు సంకలా చల్లగా ఉండాలి. నా రాత చూసి నవ్వకు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఇన్నాళ్ళూ నీకు వచ్చిన ఉత్తరాలన్నీ నేను చెబుతుంటే నీ తమ్ముడు సలెంగ్ రాసినవే. నేనొక మాట చెబితే వాడు నాలుగు కలిపేవాడని ఇప్పుడు తెలుస్తోంది.

సలెంగ్ పోయి నాలుగు నెలలు. పడవ మునిగిందన్నారు, మనిషి దొరకలేదన్నారు. దొరకని మనిషిని పోయాడని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాశాను చూడు.

సముద్రం వైపు కిటికీకి మేకులు కొట్టేశాను. పడమటి గాలి వినపడితే లేచి ఆ మేకులు మళ్ళీ తడుముతాను. మన ఒడ్డున పొద్దుటి నుంచీ సుత్తి చప్పుళ్ళు ఆగవు కదా. వాళ్ళు పెద్ద పడవకి చీలలు దిగేస్తుంటే నాకు వాడి గుండె మీద కొట్టినట్టే ఉంటుంది. ఈ ఊళ్ళో పడవ మాట వినకుండా ఎక్కడికి పోను?

పోయిన నెల వాడి మంచం కింద ఊడుస్తుంటే గుడ్డమూట తగిలింది. విప్పితే పడవకి వెన్నెముకలా వేసే అడుగుకర్ర మూరెడుది, పల్చగా చీల్చిన పలకల కట్ట, చిన్న రంపం, బరమా. బొమ్మ పడవ చేద్దామనుకున్నాడన్నమాట, రెండు కొయ్యలు, ఏడు తెరచాపలు ఉన్న మన పడవే. నాకొక్క మాట చెప్పలేదు. నీకేమైనా చెప్పాడా?

మూట తీసుకుని తొంపో పువాంగ్ దగ్గరికి వెళ్ళాను. పెద్ద పడవలు కట్టే వయసు అయిపోయి ఇప్పుడు ఆయన బొమ్మ పడవలే చేస్తున్నాడు, మకస్సర్ కొట్లవాళ్ళు కొనుక్కుపోతారు. "నేర్పు పువాంగ్" అన్నాను. "ఆడదానివి రన్నూ, మగ్గం ముందు కూర్చో" అన్నాడు. "కూర్చుంటే దారం కనపడట్లేదు, నీళ్ళే కనపడుతున్నాయి" అన్నాను. ఆయన చాలాసేపు ముక్కు గోక్కుని ఒక ఉలి ఇచ్చాడు. "ముందు ఇది పదును పెట్టు. నీ చేతి వెంట్రుక తెగాలి" అన్నాడు. తొమ్మిది రోజులు రాయి మీద ఉలి తప్ప ఇంకేం లేదు. పదో రోజు వెంట్రుకా తెగింది, వేలూ తెగింది.

పక్కింటి జిన్నె ఉందిగా, దానికి పండగే. "ఏం రన్నూ, గెడ్డం ఎప్పుడొస్తోంది?" అంటుంది. "నీ మొగుడికి రాగానే నాకూ వస్తుందిలే" అన్నాను. పోయిన జనవరి తర్వాత నేను నవ్వింది అప్పుడే. నవ్వి ఇంట్లోకొచ్చి ఏడ్చాను.

వచ్చే శుక్రవారం అడుగుకర్ర రెండు కొసలూ కోస్తాను. పెద్ద పడవకి చేసినట్టే చేస్తాను. బొమ్మకి ఇవన్నీ ఎందుకు, చేస్తే అది బొమ్మగా ఉండదు అని పువాంగ్ కోప్పడ్డాడు. వాడి చేతి కర్ర కదా, ఊరికే కట్టెలా ఎలా కోసేస్తాను?

నువ్వు నీళ్ళ దగ్గరికి ఎక్కువ పోకు.

మీ అమ్మ

బతులిచిన్,
2 జూన్ 1991

ప్రియమైన అమ్మకి,

నీ ఉత్తరం చూసి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఆమె గెడ్డం సంగతి ఏమైందో కనుక్కో" అని మీ అల్లుడు రోజూ అడుగుతున్నాడు.

నీకొక మాట చెప్పాలి, కూర్చుని చదువు. నాకు అయిదో నెల. ముందే రాయలేదు, రాస్తే దిష్టి తగులుతుందేమోనని. పోయినసారి మూడో నెలలోనే పోయింది కదా. ఇప్పుడు కదులుతోంది. గట్టిగా సుత్తి కొడితే లోపల ఉలిక్కిపడుతుంది. పడవలు కట్టే షెడ్డు పక్కనే ఇల్లు, దానికి నిద్రేదీ?

కాన్పుకి మన ఇంటికే వస్తాను. ఇక్కడున్న మంత్రసాని ఒక్కతే, అదీ ఏటికి అవతల. సంకలా దూలాల కోసం అడవికెళితే నెలకి గానీ రాడు. ఆగస్టు చివర్లో వాళ్ళ మామ హాజీ రప్పె పడవ మన ఒడ్డుకి మరమ్మతుకి వస్తోంది. దాంట్లో వచ్చేస్తాను. గాలి బాగుంటే మూడు రోజులే.

అమ్మా, ఆ అడుగుకర్ర మాత్రం జాగ్రత్త. దాని సంగతి నీకు తెలియనిది ఒకటుంది. ఉత్తరంలో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పాలి. నేనొచ్చేదాకా దానికి రంపం పెట్టకు.

నాకు పులుపు పులుసులో చేప తినాలని ఉంది. ఇక్కడి చింతపండు పులుపెక్కదు.

నీ మరావియా

తానా బేరు,
20 జూన్ 1991

మరావియాకి,

రావద్దు. పడవెక్కవద్దు. ఏటికి అవతలుంటే ఏం, మంత్రసాని మంత్రసానే. ముందుగానే పిలిపించి ఇంట్లో పెట్టుకో, దానికి కావాల్సింది నేను పంపుతాను. నా మాట వింటావు కదూ.

ఎందుకని అడక్కు. కొన్ని కాగితం మీద పెట్టకూడదు.

ఆ కర్ర సంగతి నాకు తెలియనిది ఏంటి? నీ ఉత్తరం వచ్చేసరికే కోసేశాను. దాని మీద ఏదైనా చెడు ఉందని వాడు చెప్పాడా?

పువాంగ్ మాత్రం నన్ను వదలట్లేదు. మన పడవకి ముందు చర్మం, తర్వాత ఎముకలు కదా. అడుగుకర్ర మీద పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి వెదురు చీలలతో బిగిస్తూ పోవాలి, పక్కటెముకలు ఆ తర్వాతే. పలకని తడిపి దీపం సెగ మీద వంచాలి. ఎడమ వైపు ఎక్కువ వంగిపోయింది. "ఇది పడవ కాదు రన్నూ, పీత. పక్కకి నడుస్తుంది" అన్నాడు. ఊడదీయించాడు. అయిదుసార్లు ఊడదీశాను. చీలలన్నీ పుల్లలైపోయాయి.

ఉసిరికాయంత బెల్లం తిను రోజూ. రావద్దు.

అమ్మ

బతులిచిన్,
9 జులై 1991

అమ్మకి,

నీ ఉత్తరం చేరింది. మొదటి బిడ్డకి అమ్మ దగ్గరికి రావద్దని ఏ అమ్మయినా రాస్తుందా? మూడుసార్లు చదివాను. సంకలాకి చూపించలేదు.

నాకు తెలుసమ్మా. చెప్పకపోయినా తెలుసు. వాడు నా కుట్టు మిషను తీసుకొస్తూ పోయాడు. "పడమటి గాలి పోయాక పంపుదాం" అని నువ్వన్నావు. పండక్కి గుడ్డలు కుట్టుకోవాలి, ఇప్పుడే కావాలని రాసింది నేను. ఆ ఉత్తరం చదివి నీకు వినిపించింది వాడే. నేను రాయకపోయుంటే వాడు ఆ పడవెక్కేవాడు కాదు. జనవరి నుంచీ ఒక్కరోజు కూడా నేనది మర్చిపోలేదు. నువ్వు ఏనాడూ అనలేదు కాబట్టి మర్చిపోయావనుకున్నాను.

ఇప్పుడు నా మొహం చూడలేవన్నమాట. చూడకు. ఇక్కడే కంటాను. ఏదైనా అయితే సంకలా రాస్తాడు.

నీకు భయంగా ఉంటుందని తెలుసు. నాకు మాత్రం లేదా? కడుపులో వాడు కదలకుండా గంటసేపు ఉంటే గోడకి జారబడి మళ్ళీ కదిలేదాకా లెక్కపెడుతూ కూర్చుంటాను. పక్కన ఎవరూ ఉండరు.

నీ కూతురు

తానా బేరు,
28 జులై 1991

నా బంగారు తల్లికి,

అల్లా సాక్షిగా, సలెంగ్ మీద ఒట్టు, కుట్టు మిషను మాట నా మనసులోకి ఎన్నడూ రాలేదు. నువ్వు రాశాకే గుర్తొచ్చింది. ఇన్ని నెలలు నువ్వు ఒక్కదానివీ దాన్ని మోస్తున్నావా? నేను ఎలాంటి తల్లిని? ఉత్తరం చదివి జిన్నె ఇంటికి పరిగెత్తాను, ఎవరో ఒకరికి చెప్పాలి కదా. అది గెడ్డం మాటెత్తలేదు. నా తల మీద చెయ్యి వేసి, "నిజం రాసెయ్యి, మూసుకున్న నీ నోరే నీకు పెద్ద శత్రువు" అంది.

నిజం రాస్తున్నాను. కాగితం మీద పెడితే జరుగుతుందేమోనని ఇన్నాళ్ళూ భయపడ్డాను.

శుక్రవారం ఒడ్డుకి వెళ్ళి, తూర్పు వైపు తిరిగి కూర్చుని అడుగుకర్ర రెండు కొసలూ కోశాను. నీకు తెలుసుగా, ముక్కు వైపు తెగిన ముక్కని సముద్రంలో వెయ్యాలి, అది వెళ్ళేవాడిది. వెనక వైపు ముక్క ఇంట్లో దాచాలి, అది ఎదురుచూసేవాళ్ళది. వెళ్ళినవాడు ఇంట్లో ముక్క కోసం తిరిగొస్తాడని. మీ నాన్న కట్టిన ప్రతి పడవ ముక్కా మన బియ్యం డబ్బాలో ఉండేది, మీరిద్దరూ వాటితో గవ్వలాట ఆడేవాళ్ళు.

పెద్ద పడవకైతే ముక్క మూరెడుంటుంది, ఏ పిల్లాడైనా చెబుతాడు ఇది ముందు ఇది వెనక అని. నావి వేలి గోరంత ముక్కలు. రెండూ అరచేతిలో పెట్టుకున్నాను. ఎవరో "రన్నూ!" అని కేక వేశారు, ఉలిక్కిపడ్డాను, రెండూ ఇసుకలో పడ్డాయి. తీసి చూస్తే ఏది ఏదో తెలియలేదు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. పువాంగ్ దగ్గరికి పరిగెత్తాల్సింది. సిగ్గేసింది, బొమ్మకి ఇవన్నీ వద్దన్నాడు కదా. బిస్మిల్లా అనుకుని ఒకటి నీళ్ళలోకి విసిరాను, ఒకటి కొంగున కట్టుకున్నాను. అల పొడుగ్గా వచ్చి ముక్కని తీసుకుపోతుంటే అప్పుడు అనిపించింది, నేను విసిరింది వెనకదే అని. ఎదురుచూసేదాన్ని సముద్రానికి ఇచ్చేశానని.

నెల తిరక్కుండా నీ ఉత్తరం. ఇంట్లో ఉండాల్సిన నా కూతురు, నిండు కడుపుతో, నీళ్ళ మీద వస్తానంటోంది. పైగా కర్రకి రంపం పెట్టకు అంటోంది. నేనేం అనుకోవాలి? సముద్రం నా కొడుకుని తీసుకుంది, నా చేతులతోనే మిగిలినదాన్ని కూడా పిలిచి ఇచ్చాననుకున్నాను. అందుకే రావద్దని రాశాను. నీ మొహం చూడలేక కాదు. ఒక్కసారి చూడాలని ఎంత ఉందో రాసే చదువు నాకు లేదు.

మొన్న అంతా పువాంగ్‌తో చెప్పాను. ఆయన తిట్టలేదు. దాంతో ఇంకా భయం వేసింది. "ఉన్న ముక్క తీసుకురా" అన్నాడు. చూశాడు, చూశాడు. "నల్ల చార ఉంది. అడుగుకర్ర రెండు వైపులా ఉంది చార. నేను చెప్పలేను రన్నూ" అన్నాడు. కర్రకి ఆనించి చూద్దామంటే పడవ ముందూ వెనకా అప్పటికే పలకలు కప్పేశాం.

ఆ కర్ర సంగతి ఏంటో రాయి. చెడైనా రాయి. తెలియకపోవడం కంటే మేలు.

నీ అమ్మ

బతులిచిన్,
14 ఆగస్టు 1991

అమ్మా,

ఈ ఉత్తరం రేపు బయల్దేరే పడవలో సరంగుకి ఇస్తున్నాను, నాకంటే ముందే చేరుతుంది. అవును, వస్తున్నాను. 27న హాజీ రప్పె పడవ. సంకలా కూడా వస్తున్నాడు, అడవి పని తన తమ్ముడికి అప్పజెప్పాడు. నువ్వు వద్దన్నా వస్తాను. చదివి అప్పుడు తిట్టు.

నా పెళ్ళయి ఇక్కడికి బయల్దేరిన పొద్దున, పడవ నిచ్చెన దగ్గర సలెంగ్ నా చేతిలో ఒక గుడ్డముడి పెట్టాడు. విప్పితే వేలంత కర్రముక్క. "బొమ్మ పడవ మొదలుపెట్టానే అక్కా. ముందు ముక్క నీళ్ళలో వేసేశా. ఇది వెనకది. నాకు పెళ్ళాం లేదుగా, నువ్వే దాచు" అన్నాడు. "అమ్మకివ్వరా" అన్నాను. "అమ్మకిస్తే రోజూ తీసి చూసి ఏడుస్తుంది. నువ్వైతే ఎక్కడో పడేసి మర్చిపోతావ్, అదే మంచిది" అన్నాడు. కొట్టాను వాణ్ణి. అదే చివరిసారి కొట్టడం.

మర్చిపోలేదు. నా పెట్టెలో చీరల కింద ఉంది.

అంటే ఆ కర్రకి కోత వాడే కోసేశాడు. రెండోసారి నువ్వు కోసింది ఉత్త కట్టె. నువ్వేది విసిరినా ఒకటే.

ఇంకో మాట, ఇదే ఎదురుగా చెప్పాలనుకున్నది. నేను ముక్క దాచాను. సరైన ముక్కే, సరైన చోటే, తడి తగలకుండా. అయినా వాడు రాలేదు. వాడు పోయినప్పటి నుంచీ ఆ ముక్కని పొయ్యిలో పెట్టాలని ఎన్నిసార్లు తీశానో. ముక్కలు మనుషుల్ని కాపాడవమ్మా. కాపాడనివి ముంచవు కూడా. అది తలుచుకుంటే ధైర్యం వస్తుంది. అదే తలుచుకుంటే మళ్ళీ భయం వేస్తుంది.

ముక్క తెస్తున్నాను. చేప పులుసు పెట్టు. కిటికీ మేకులు పీకించు, పడవ వస్తుంటే నీకు కనపడాలి.

నీ మరావియా

తానా బేరు,
19 అక్టోబరు 1991

నా మరావియాకి,

నువ్వు గోడకి అవతల పిల్లాణ్ణి పక్కలో వేసుకుని పగటినిద్ర పోతున్నావు. అలాంటిదానికి ఉత్తరం రాసే పిచ్చిది ఇంకెవరైనా ఉంటుందా? ఎదురుగా చెబుదామంటే నా నోరు నీకు తెలుసు, అవసరమైన మాట దగ్గర మూసుకుపోతుంది. కాగితానికి ఇప్పుడు అలవాటు పడ్డాను.

మూడు రోజులన్నావు, మీకు ఆరు రోజులు పట్టింది. గాలి ఆగిపోయి దీవి చాటున లంగరు వేశామని, హాజీ రప్పె చెప్పిన అబద్ధాలకి నవ్వలేక నడుం నొప్పి వచ్చిందని నువ్వు నవ్వుతూ చెప్పావు. నా ఆరు రోజులు నీకు చెప్పలేదు.

మేకులు పీకించాను. ఆ కిటికీ దగ్గరే కూర్చుని బొమ్మ పడవకి తాళ్ళు కట్టాను. తాళ్ళ పని నాకు కష్టం కాలేదు, మగ్గం చేతులు కదా. "పలకల దగ్గర పీతవి, తాళ్ళ దగ్గర సాలీడువి" అని పువాంగ్ మెచ్చుకున్నాడు. "ముందు గాలి ఎటు నుంచి వస్తుందో అనుకో, అప్పుడు తాడు కట్టు" అన్నాడు. ఎడమ తాడు లాగితే కుడి తాడు కూడా అంతే లాగాలి, లేకపోతే తెరచాప కొయ్య ఒరిగిపోతుంది. నాలుగో రోజు మీరు రాకపోయేసరికి గాలి పడమటి నుంచే వస్తోందనుకున్నాను. ఏడు తెరచాపలూ విప్పేశాను. మళ్ళీ కట్టాను. మళ్ళీ విప్పాను. తెరచాప నిండుగా ఉంటే అక్కడ మీ పడవకి గాలి ఎక్కువవుతుందేమోనని, విప్పేస్తే గాలి ఆగి మీరు అక్కడే ఉండిపోతారేమోనని. ముక్కలు కాపాడవు, ముంచవు అని నువ్వు రాసింది పక్కనే పెట్టుకుని చదువుతూ ఈ పని చేశాను. జిన్నె వచ్చి నా చేతుల్లోంచి దారం లాక్కుని, "తినవే ముండా" అని అరటాకులో పెట్టి ఉడికించిన అరటిపండు తీపి నోట్లో కుక్కింది.

ఆరో రోజు మధ్యాహ్నం తెరచాప కనపడింది. నేను ఒడ్డుకి పరిగెత్తలేదు. నువ్వు నిచ్చెన దిగి, నీళ్ళు దాటి, అంత కడుపుతో మెట్లెక్కి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. "అమ్మకి గెడ్డం రాలేదు, బతికాం" అన్నావు. పులుసు వడ్డించాను. ఉప్పు వెయ్యడం మర్చిపోయాను, నువ్వు చెప్పకుండా తిన్నావు.

ఇక ఈ ఉత్తరం ఎందుకంటే, ఆ ముక్క సంగతి.

నువ్వు పెట్టెలోంచి తీసి ఇచ్చావు, నేను తలగడ కింద పెట్టాను, చూడలేదు. కాన్పు అయ్యేదాకా చూడనని మొక్కుకున్నాను. పిల్లాడు పుట్టి, ఏడో రోజున బొడ్డు రాలాక, మొన్న తీశాను. నా కొంగు ముడి కూడా విప్పాను. సలెంగ్ ఎడమచేతి వాటం కదా, వాడి రంపపు కోత ఎప్పుడూ ఏటవాలుగా పోయేది, మీ నాన్న తిట్టేవాడు. వాడి ముక్క కొస ఏటవాలుగా ఉంది. నా ముక్క ఒక కొస నేను కోసింది, నిటారుగా ఉంది. రెండో కొస ఏటవాలుగా ఉంది. రెండూ దగ్గర పెట్టాను. మరావియా, రెండు అరచేతులు కలిసినట్టు కలిశాయి. నల్ల చార ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి తెగకుండా నడిచింది.

నా దగ్గరున్నది వెనక ముక్కే. నేను విసిరింది ముందుదే. నేను తప్పు చెయ్యలేదు. మే నెల నుంచీ లేని తప్పుకి వణికాను, నిన్ను రావద్దన్నాను, నువ్వు లేని నేరం మోశావు.

సంతోషం రావాలి కదా. కాసేపు వచ్చింది. తర్వాత ఇంకా చల్లగా ఒక భయం వచ్చింది. వాడూ తప్పు చెయ్యలేదు, నువ్వూ చెయ్యలేదు. అందరం అన్నీ సరిగ్గానే చేశాం. అయినా వాడు రాలేదు. తప్పు నాదయి ఉంటే బాగుండేదనిపించింది, ఇంకోసారి చెయ్యకుండా జాగ్రత్త పడేదాన్ని.

ఇంక మిగిలింది పడవకి బొడ్డు పెట్టడం. అడుగుకర్ర నడుమ బరమాతో చిన్న గుంట. అది పడ్డాకే పడవకి ప్రాణం, అది పడ్డాక ఇంక చెయ్యడానికి ఏమీ ఉండదు. అందుకే వాయిదా వేస్తూ వచ్చాను. పడవ అయిపోతే సలెంగ్ పని అయిపోతుంది, వాడి మంచం కింద ఇంకేమీ ఉండదు.

ఇందాక నువ్వు నిద్రపోయాక పెట్టాను. పువాంగ్ వచ్చి పక్కన కూర్చున్నాడు, చెయ్యి వెయ్యలేదు. "మధ్యలో ఆపకూడదు, అవతలికి దిగకూడదు, అంతే" అన్నాడు. బరమా పట్టుకుని తిప్పాను. ఆపలేదు.

రాలిన పొట్టు చిటికెడు. పెద్ద పడవకైతే యజమాని నుదుట పెడతారు. ఈ పడవ ఎవరిదని పువాంగ్ అడిగాడు. లోపలికొచ్చి నీ కొడుకు నుదుటి దాకా వేలు తీసుకెళ్ళాను. భయం వేసింది, పెట్టలేకపోయాను. వీడూ ఈ ఊరి మగపిల్లాడే, ఇప్పటికే చప్పుడైతే సముద్రం వైపు తల తిప్పుతున్నాడు. నేను పెట్టినా పెట్టకపోయినా వెళ్ళే రోజు వెళతాడు. తెలుసు. అయినా పెట్టలేదు.

పొట్టు నా నుదుటనే పెట్టుకున్నాను. లేచాక నవ్వుతావు, నవ్వు. పడవ నాదే. నేనే కట్టాను.

రెండు ముక్కలూ కలిపి దారం చుట్టాను, తెగకుండా, తాళ్ళకి వేసిన ముడే. మళ్ళీ నువ్వే దాచు. వాడు నీకిచ్చాడు, నాకు కాదు. అది విన్న రోజు కొంచెం నొప్పేసింది, ఇప్పుడు లేదు. రోజూ తీసి చూసి ఏడుస్తానన్నాడా? నిజమే, ఏడుస్తాను. నీ దగ్గరే ఉండనీ.

లే ఇంక. ఈసారి పులుసులో ఉప్పు వేశాను. అన్నం చల్లారిపోతోంది.

అమ్మ